శ్రవణ పరీక్ష కార్మికుని హక్కు

(ఫెడరేషన్ శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక శ్రవణ, వాక్చికిత్సా నిపుణుడు చేసిన ప్రసంగ పాఠం)



మీ డిమాండ్ల పత్రంలో జీతభత్యాలు ఉన్నాయి, పింఛను ఉన్నది, ఖాళీల భర్తీ ఉన్నది, పని గంటలు ఉన్నాయి. వాటి నడుమ చెవికి సంబంధించిన నాలుగు వాక్యాలకు చోటు ఇప్పించమని అడగడానికి నేను వచ్చాను. నా వృత్తివారి కోసం అడుగుతున్నానన్న మాట దాచను. అయితే ఇందులో మీ ప్రయోజనం మా ప్రయోజనం కంటె పెద్దదని నా నమ్మకం. అది నిజమో కాదో విన్న తరువాత మీరే తేల్చండి.

ముందుగా మేమెవరమో చెప్పవలసి ఉన్నది. ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారిని మీరెరుగుదురు. ఆయన చీటీ వ్రాసి పక్కగదికి పంపుతారు. ఆ గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని శ్రుతులు వినిపించి, ఒక కాగితం మీద గీతలు గీసే మనిషి ఆడియాలజిస్టు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారికి, నత్తి ఉన్నవారికి, మాట రాని పిల్లలకు మాట నేర్పే మనిషి స్పీచ్ థెరపిస్టు. మన దేశంలో చాలా వరకు ఈ రెండు పనులకూ చదువు ఒక్కటే, మనిషీ ఒక్కరే. జనం మాత్రం మమ్మల్ని చెవి మిషన్లు అమ్మేవారనుకుంటారు. అమ్మేవారు వేరే ఉన్నారు. వారి సంగతికి తరువాత వస్తాను.

మీ రెండు శాఖల ఉద్యోగులూ ఒకే కాగితం మీద కనిపించే ఒక పాత పరిశీలన ఉన్నది. 1886లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో టామస్ బార్ అనే చెవి వైద్యుడు మూడు వృత్తులవారిని, వృత్తికి 100 మంది చొప్పున, పరీక్షించాడు. మొదటివారు బాయిలర్లకు రివెట్లు కొట్టేవారు. రెండవవారు ఇనుము పోతపోసేవారు. మూడవవారు ఉత్తరాలు పంచే తపాలావారు. నాడు ఇప్పటి యంత్రాలు లేవు. జేబు గడియారాన్ని చెవికి ఎంత దూరంలో పట్టుకుంటే టిక్కుటిక్కు వినిపిస్తుందో కొలిచి చూశాడు. సభలో ప్రసంగం వినడం కష్టమని గాని, అసలే వినబడదని గాని చెప్పినవారు తపాలావారిలో 8 మంది, పోతపనివారిలో 12 మంది, బాయిలర్ పనివారిలో 75 మంది. సంఘం సభకు వచ్చి కూర్చుని, వక్త పెదవులు కదలడం మాత్రమే చూసి ఇంటికి పోయిన కార్మికుల లెక్క అది. చెవికి హాని లేని వృత్తికి నమూనాగా బార్ తపాలావారిని ఎన్నుకున్నాడు. ఆనాటి తపాలా మనిషి వీధుల వెంట నడిచి వెళ్ళేవాడు. నేటి పోస్ట్‌మన్ హైదరాబాదు నడిబొడ్డున హారన్ల మధ్య మోటారు సైకిలు మీద తిరుగుతున్నాడు. ఈనాడు బార్ ఉంటే నమూనాను వేరేచోట వెదుక్కోవలసి వచ్చేదేమో.

శబ్దం చెవిని ఎట్లా పాడు చేస్తుందో క్లుప్తంగా మనవి చేస్తాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగమున్నది. అందులో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 సూక్ష్మ రోమకణాలు ఉంటాయి. శబ్దతరంగాన్ని నాడీ సంకేతంగా మార్చేవి అవే. పెద్ద శబ్దం ఏళ్ళ తరబడి తగిలితే అవి చస్తాయి. మనిషిలో చచ్చిన రోమకణం మళ్ళీ మొలవదు. మందు లేదు, శస్త్రచికిత్స లేదు. నొప్పి ఉండదు, రక్తం కారదు, మనిషి ఒకనాడు హఠాత్తుగా చెవిటివాడు కాడు. ఇంట్లో టీవీ శబ్దం పెంచడం, “సరిగ్గా చెప్పు, గొణగకు” అని భార్యాపిల్లలను కసరడం, రాత్రి నిశ్శబ్దంలో చెవిలో హోరు, ఇవే తొలి గుర్తులు.

మొదట దెబ్బ తినేది పై శ్రుతులు, ముఖ్యంగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కలవి. మాటలో అచ్చుల బలమంతా కింది శ్రుతులలో ఉంటుంది. స, ష, ఫ వంటి ధ్వనుల ఉనికి పై శ్రుతులలో ఉంటుంది. కనుక ఈ మనిషికి మాట వినబడుతుంది గాని తెలియదు. “నాకు చెవుడు లేదు, మీరే స్పష్టంగా మాట్లాడరు” అని అతడనడం అబద్ధం కాదు. అతనికి చేరుతున్నది సగం మాటే.

రైల్వేవారికి దీని అర్థమేమిటో ఒక ఉదాహరణతో చూపుతాను. లెవెల్ క్రాసింగు గేటు మూసినట్లు గేట్‌మన్ స్టేషన్ మాస్టరుకు ఫోనులో ప్రైవేటు నంబరు ఇస్తాడు. హిందీలో ఏడు సాత్, ఎనిమిది ఆఠ్. ముందున్న స తీసివేయండి, రెండింటికీ ఎంత తేడా మిగులుతుంది? అరవై సాఠ్. స పోతే అది ఎనిమిదే. పాత టెలిఫోను పై శ్రుతులను ఎటూ సరిగా మోయదు. వినే చెవికి కూడా అవి లేకపోతే, మనిషి ఊహించుకుని వ్రాసుకోవలసి వస్తుంది. దశాబ్దాల అనుభవమున్నవాడు సరిగానే ఊహిస్తాడు, నిజమే. ఊహ మీద రైలు నడపమని ఏ నిబంధనా చెప్పలేదు.

డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. మన దేశపు కర్మాగారాల నమూనా నియమాలలో 90 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు, 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండు గంటలే పనిచేయవచ్చునని హద్దు పెట్టారు. అంటే చెవికి సంబంధించినంత వరకు శబ్దం, పని గంటలు ఒకే లెక్కలోని రెండు అంకెలు. 1973 ఆగస్టులో రన్నింగ్ సిబ్బందికి పది గంటల పని నియమాన్ని ప్రభుత్వం చేత పార్లమెంటులో ప్రకటింపజేసిన పోరాటం, ఎవరూ అనుకోకుండానే చెవుల కోసం కూడా జరిగిన పోరాటం. పదహారు సిలిండర్ల ఆల్కో డీజిల్ ఇంజను పక్కన పద్నాలుగు గంటలు కూర్చోవడమూ, పది గంటలు కూర్చోవడమూ చెవికి ఒకటి కాదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తున్నాను. లోకో షెడ్లలోను, రన్నింగ్ రూముల్లోను శ్రవణ పరీక్ష మాట ఎత్తితే మౌనం ఎదురవుతుంది. కారణం నాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. వైద్య కేటగిరీ తగ్గితే రన్నింగ్ డ్యూటీ పోతుంది, దానితోపాటు కిలోమీటరు భత్యం పోతుంది. ప్రత్యామ్నాయ ఉద్యోగంలో జీతం నిర్ణయించేటప్పుడు మూల వేతనానికి 30 శాతం కలుపుతారు గాని, నెలనెలా చేతికి వచ్చే మొత్తంలో పడే గండి దానితో పూడదు. పిల్ల పెళ్ళి, కొడుకు చదువు, ఇంటి అప్పు ఆ భత్యం మీదే లెక్క వేసుకుని ఉంటాయి. కనుక మనిషి తన చెవుడు దాస్తాడు. అసిస్టెంటు ముఖం చూసి సిగ్నల్ పిలుపు గ్రహిస్తాడు. అటువంటివాని దృష్టిలో ఆడియాలజిస్టు పొట్టకొట్టేవాడే. సంఘం నాయకుడు కూడా “ఈ పరీక్షలు మనకెందుకు తెచ్చిపెడతారండీ” అని నాతో అన్న సందర్భాలున్నాయి. ఆ మాటకు నేను కోపగించుకోలేదు. దానికి జవాబు చెప్పడం నా బాధ్యత.

జవాబు ఇది. పరీక్ష లేనందువల్ల చెవి పాడు కావడం ఆగదు. పాడైనందుకు బాధ్యత మాత్రం మీ మీద పడుతుంది. యాభై అయిదేళ్ళ వయసులో మొదటిసారి ఆడియోగ్రామ్ తీశారనుకోండి. లోపం కనిపించింది. యాజమాన్యం ఏమంటుంది? వయసు అంటుంది. వంశమంటుంది. చిన్నప్పుడు చెవి చీము కారిందేమో అంటుంది. మీరు కాదనడానికి ఆధారమేదీ? అదే ఇరవై అయిదేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరిన వారంలోనే తీసిన ఆడియోగ్రామ్, ఆ పిమ్మట ఏటేటా తీసినవి దొంతరగా ఉంటే, ఏ షెడ్డులో, ఏ యంత్రం పక్కన, ఏ సంవత్సరాల్లో గీత కిందికి జారిందో కంటికి కనిపిస్తుంది. వయసు వల్ల వచ్చే చెవుడు పై శ్రుతుల వైపు పోనుపోను వాలుగా దిగుతుంది. శబ్దం వల్ల వచ్చేది తొలి సంవత్సరాల్లో 4,000 దగ్గర గుంటలాగా పడి మళ్ళీ పైకి లేస్తుంది. ఆలస్యమైన కొద్దీ ఆ గుంట వయసు వాలులో కలిసిపోతుంది. కనుక మొదటి ఆడియోగ్రామ్ కార్మికుని దస్తావేజు. దాని నకలు కార్మికుని చేతిలో ఉండాలి. ఆసుపత్రి బీరువాలో మాత్రమే ఉండరాదు.

చట్టం మన పక్షాన లేదని అనుకోవద్దు. కర్మాగారాల చట్టానికి జరిగిన సవరణతో శబ్దం వల్ల వచ్చే చెవుడు ప్రకటించవలసిన వ్యాధుల జాబితాలో చేరింది. 1923 నాటి పరిహార చట్టపు అనుబంధంలోనూ వృత్తివ్యాధిగా దానికి చోటు దక్కింది. 2020 నాటి కొత్త కార్మిక స్మృతుల అనుబంధాలలోనూ అది కొనసాగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను 4వ ఉపసెక్షను ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగడనుకుంటే అదే వేతన స్కేలు గల మరొక పోస్టుకు మార్చాలి. పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి.

అయితే ఇక్కడ ఒక సందు ఉన్నది, అందులోనే మనవాళ్ళు పడిపోతున్నారు. ఆ చట్టం ప్రకారం రెండు చెవులలోనూ సంభాషణా శ్రుతులలో 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వైకల్యం. శబ్దం తిన్న చెవిలో కింది శ్రుతులు బాగానే ఉంటాయి కనుక సగటు తీస్తే 60 రాదు. సిగ్నల్ పిలుపు వినడానికి పనికిరానివాడు, వైకల్య ధ్రువపత్రానికీ పనికిరాడు! భద్రత పేరుతో కేటగిరీ తగ్గించేటప్పుడు ఒక కొలత, రక్షణ ఇవ్వవలసి వచ్చినప్పుడు మరొక కొలత. ఈ వాదన న్యాయాధికారుల ముందు ఎవరు వినిపించాలి? ఆడియోగ్రామ్ చదవగలిగినవారు చదివి చెబితే, సంఘం వాదించాలి.

తంతి తపాలా చరిత్రలో ఇటువంటి ఘట్టమొకటి ఉన్నది. మోర్స్ కీ నొక్కి నొక్కి చేతివేళ్ళు కొంకర్లు పోయే జబ్బును బ్రిటన్‌లో 1908లో పరిహార జాబితాలో చేర్చారు. అంతవరకు అది ఆ మనిషి నరాల బలహీనత అనుకునేవారు. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం మూతపడింది కనుక ఆ జబ్బు ఇక చరిత్రే. చెవుడు చరిత్ర కాలేదు.

ఇక ఈ ఆడియోగ్రామ్ తీసే మనిషి ఎక్కడ ఉన్నాడు? మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. బొంబాయి నాయర్ ఆసుపత్రిలోనూ ఆ రోజుల్లోనే శిక్షణ మొదలయింది. హైదరాబాదీయుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో జాతీయ సంస్థ వెలసింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉన్నది. ఈ చదువు ఇంటర్మీడియట్ సైన్సు తరువాత నాలుగేళ్ళు. అందులో ఒక ఏడు పూర్తిగా ఆసుపత్రిలో పని. ఆ పైన రెండేళ్ళ స్నాతకోత్తర విద్య. 1992 భారత పునరావాస మండలి చట్టం పునరావాస వృత్తులవారి జాబితాలో మొట్టమొదట పేర్కొన్నది మమ్మల్నే. మండలి రిజిస్టరులో పేరు లేనివాడు ఈ వృత్తి చేయరాదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! అర్హత లేని దుకాణదారుడు ఒక్క చెవి మిషన్ అమ్మితే అంతకు ఎన్నో రెట్లు మిగుల్చుకుంటాడు. పింఛను డబ్బుతో కొన్న మిషన్ చెవిలో ఈల వేస్తోందని సొరుగులో పడవేసిన పెద్దలు ఇక్కడున్నవారి ఇళ్ళలోనే ఉంటారు. ఆ మిషన్ చెడ్డది కానక్కరలేదు. ఆ చెవి లోపానికి తగినట్లు దానిని సరిచేసినవాడు లేడు, అంతే.

ప్రభుత్వం మాకిచ్చిన చోటు ఎంతో చెబుతాను. 2024లో రైల్వే నియామక మండళ్ళు పారామెడికల్ ఉద్యోగాలకు ఉమ్మడి ప్రకటన చేశాయి. మొత్తం 1,376 ఖాళీలు. అందులో నర్సింగు సూపరింటెండెంట్లు 713. వారు ఇంకా ఎక్కువ మంది కావాలి, అది వేరే విషయం. ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు ఖాళీలు నాలుగు. దేశం మొత్తానికి నాలుగు! పోస్టులే సృష్టించనప్పుడు ఖాళీలు మాత్రం ఎక్కడి నుండి వస్తాయి? లాలాగూడ వర్క్‌షాపులో, రాయనపాడులో, తిరుపతి క్యారేజి మరమ్మతు షాపులో, కాజీపేట, గుత్తి, విశాఖపట్నం షెడ్లలో యంత్రాల మధ్య ఉన్నవారి చెవులు ఎవరు చూస్తారు? “గుసగుసగా చెప్పాను, విన్నాడు, సరే” అని ముగించే పరీక్ష ఇందుకు చాలదు. నిశ్శబ్ద గది కావాలి, సరిచూసిన యంత్రం కావాలి, దాని ముందు కూర్చునే అర్హుడు కావాలి. అతనికి ఒప్పంద ఉద్యోగం కాక స్థిరమైన పోస్టు, పదోన్నతి మార్గం, తన నివేదిక మీద తన సంతకం ఉండాలి. ఏటేటా మారిపోయే ఒప్పంద ఉద్యోగి షెడ్డు శబ్దం ఇంత ఉన్నదని కాగితం మీద వ్రాసి నిలబడగలడా? ఇది మీ అందరికీ నేను చెప్పనక్కరలేని విషయం.

మాట సంగతి. పక్షవాతంలో మాట పడిపోయిన ఉద్యోగికి ఫిజియోథెరపీ జరుగుతుంది, కాలూచేయీ కొంత కదులుతాయి, డిశ్చార్జి చేస్తారు. మాట దేవుడి దయ అంటారు. తొలి నెలల్లో పద్ధతిగా చేసే వాక్చికిత్సతో చాలామందికి మాట ఎంతో కొంత తిరిగివస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు, వర్క్‌షాపులో హిందీ, బజారులో బెంగాలీ. అటువంటి మనిషికి మాట పోతే మూడు భాషలూ ఒకే తీరున తిరిగి రావాలని లేదు. ఇంట్లో వాడే భాషను వదలి, ఆసుపత్రివారికి వచ్చిన భాషలో మాత్రమే చికిత్స చేస్తే ఇంటివారితో ఎట్లా మాట్లాడతాడు? గొంతు క్యాన్సరుకు స్వరపేటిక తీసివేసినవారికి కూడా అన్నవాహిక ద్వారానో, చిన్న కవాటం ద్వారానో మాట నేర్పవచ్చు. కౌంటరు మీద పనిచేసే గుమాస్తాకు ఇది ఉద్యోగమే నిలబెట్టే చికిత్స.

పిల్లల విషయంలో ఆలస్యం మరీ ఘోరం. పుట్టిన నెలలోగా వినికిడి పరీక్ష, మూడు నెలల లోగా నిర్ధారణ, ఆరు నెలల లోగా చికిత్స ప్రారంభం అన్నది అంగీకృతమైన పద్ధతి. కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సకు కేంద్రం, మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ సహాయం చేశాయి. మంచిదే. అయితే శస్త్రచికిత్స చెవిని తెరుస్తుంది, మాట నేర్పదు. తరువాత ఏళ్ళ తరబడి వారంవారం కూర్చుని నేర్పే మనిషి కావాలి. తండ్రికి బదిలీ అయిన ఊరిలో ఆ మనిషి లేకపోతే ఖర్చంతా బూడిదలో పోసినట్లే. అటువంటి పిల్లలున్న ఉద్యోగికి చికిత్స ఉన్న ఊరిలోనే కొనసాగే వీలు కల్పించమని మీరు అడగాలి.

బుకింగు గుమాస్తా సోదరులకు ఒక ప్రశ్న. రైలు ఛార్జీ రాయితీ నియమంలో పూర్తి చెవుడు, పూర్తి మూగతనం, రెండూ ఒకే వ్యక్తిలో ఉంటేనే రాయితీ. చెవిటివాడు మూగవాడు కూడా అయి తీరాలన్న పాత భావన అది. చెవిటి పిల్లకు మేము పదేళ్ళు శ్రమపడి నాలుగు మాటలు నేర్పితే, ఆ నాలుగు మాటల వల్ల ఆమె రాయితీకి అనర్హురాలవుతుంది. కౌంటరులో ఉన్న మీరు నియమాన్ని మార్చలేరు. మీ ఫెడరేషన్ మార్చమని వ్రాయగలదు.

తపాలా సోదరులలో అందరికంటె నిస్సహాయులు గ్రామీణ డాక్ సేవకులు. వారికి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు. చెవి పరీక్షకు జిల్లా కేంద్రానికి పోతే ఆనాటి పని పోతుంది, ఛార్జీలు చేతి నుండి. తక్కినవారికి మిషన్ ఖర్చు తిరిగి ఇచ్చే నిబంధన ఉన్నా, దానిని అమర్చి, వాడడం నేర్పే పనిని ఎవరు చేయాలో ఆ కాగితాలలో స్పష్టంగా చెప్పించుకోవాలి. రిజిస్టరైన ఆడియాలజిస్టు అన్న రెండు మాటలు అక్కడ చేరిస్తే దుకాణాల మోసం చాలావరకు ఆగుతుంది.

కనుక నేను కోరే నాలుగు వాక్యాలు ఇవి. ఉద్యోగంలో చేరిననాడు ఆడియోగ్రామ్, శబ్దం ఉన్న పనులవారికి ఏటేటా మళ్ళీ, నకలు కార్మికునికి. ప్రతి డివిజన్ ఆసుపత్రిలో కనీసం ఒక శాశ్వత ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు పోస్టు. చెవి కారణంగా కేటగిరీ తగ్గిన రన్నింగ్ సిబ్బందికి 60 డెసిబెల్స్ ధ్రువపత్రంతో నిమిత్తం లేకుండా 20వ సెక్షను రక్షణ, కోల్పోయిన భత్యానికి పరిహారం. చికిత్సా సౌకర్యాలు గ్రామీణ డాక్ సేవకులకు కూడా. మూడవది సాధించకుండా మొదటిది ఒక్కటే తెస్తే మీ సభ్యులు పరీక్ష గదికి రారు, రమ్మని చెప్పే నైతిక హక్కు నాకూ ఉండదు. అందువల్ల వాటిని విడదీసి బేరమాడవద్దని మనవి.

శాఖా కార్యదర్శులు తమ షెడ్డు, వర్క్‌షాపు, సార్టింగు ఆఫీసులలో ఏ యంత్రం దగ్గర ఎంతమంది, ఎన్ని గంటలు పనిచేస్తున్నారో ఒక పట్టిక తయారు చేసి ఫెడరేషన్ కార్యాలయానికి పంపితే, శబ్దం ఎక్కడ ముందు కొలవాలో మేము గుర్తు పెట్టి ఇస్తాము. మూడడుగుల దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చే చోట్లన్నిటినీ ఆ పట్టికలో చేర్చండి. అందుకు యంత్రం అక్కరలేదు.